వాచీతో గుండె లయ చూసుకోవడం: కొనేటప్పటి నుంచి డాక్టరు చేతిలో ఈసీజీ కాగితం పెట్టేదాకా

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండడం, ఎడమ చెయ్యో దవడో లాగడం, చల్లటి చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఏది ఉన్నా ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చెయ్యండి. ముందు వాచీలో ఓసారి చూసుకుందాం అనుకోవద్దు. స్మార్ట్‌వాచ్ గుండెపోటును పట్టదు. యాపిల్ వాచ్ ఈసీజీ యాప్ అయితే ఆ మాట తెరమీదే చెబుతుంది. ఆసుపత్రి ఈసీజీ గుండెను పన్నెండు కోణాల్లోంచి చూస్తుంది. వాచీ చూసేది ఒకే కోణం, రెండు చేతుల మధ్యది. గుండె కింది గోడకు రక్తం ఆగిపోయినా ఆ ఒక్క గీతలో ఏమీ తేడా కనపడకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి నొప్పి కూడా గట్టిగా తెలియదు. గ్యాస్ నొప్పిలే అని ఒక మాత్ర మింగి, వాచీలో "సైనస్ రిథమ్" (మామూలు లయ) అని చూసి ధైర్యం తెచ్చుకుని ఇంట్లో కూర్చుంటే, ఆ రెండు మూడు గంటల్లోనే గుండె కండరం చచ్చిపోతుంది.

భీమిలి, అనకాపల్లి, నర్సీపట్నం వైపు ఉన్నవాళ్లు నేరుగా వైజాగ్ బయల్దేరి దారిలో టైము పోగొట్టుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వం గుండెపోటు కేసుల కోసం ఏరియా ఆసుపత్రుల్ని విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రులతో కలిపింది. దగ్గర్లోని ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, అవసరమైతే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు.

మరి వాచీ దేనికి?

లయ కోసం. ముఖ్యంగా ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడం కోసం. డాక్టర్లు ఏఫిబ్ అంటారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతం. ఏఫిబ్ ఉన్నవాళ్లకు పక్షవాతం వచ్చే అవకాశం లేనివాళ్లతో పోలిస్తే దాదాపు అయిదు రెట్లు. చిక్కేమిటంటే, మొదట్లో ఇది వచ్చి పోతుంటుంది. రాత్రి పదకొండింటికి గాజువాకలో దడ మొదలవుతుంది, పొద్దున ఓపీ చీటీ తీసుకుని ఈసీజీ గదిలోకి వెళ్లేసరికి గుండె మామూలుగా కొట్టుకుంటుంది. "అంతా బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. దడ ఉన్న ఆ పది నిమిషాల్లోనే గీతను పట్టి కాగితం మీద పెట్టగలదు కాబట్టే వాచీకి అంత విలువ.

ఇది ఎక్కువగా పనికొచ్చేది 65 దాటినవాళ్లకు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు, ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లకు, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు పాడైనవాళ్లకు, అప్పుడప్పుడు దడ వస్తూ ఎవరికీ దొరకనివాళ్లకు. ఏ లక్షణం లేని పాతికేళ్ల కుర్రాడికి తప్పుడు హెచ్చరికల బెంగే మిగులుతుంది. ఇంట్లో ఇంకా బీపీ మిషన్ లేకపోతే మాత్రం ముందు అది కొనండి. భుజానికి కట్టే డిజిటల్ మిషన్ రెండు మూడు వేలకు వస్తుంది. మన ఇళ్లలో గుండెను ఎక్కువగా పాడుచేసేది పట్టుకోని బీపీయే.

వాచీ ఎంపిక

వాచీ వెనక మెరిసే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి నాడి లెక్కపెడుతుంది. దీనికి పీపీజీ అని పేరు. రెండు వేల రూపాయల వాచీలో కూడా ఇది ఉంటుంది. ఈసీజీ అంటే గుండె కరెంటును కొలవడం. దానికి రెండు లోహపు చుక్కలు కావాలి. ఒకటి వాచీ వెనక మణికట్టుకు తగిలేది, రెండోది అవతలి చేతి వేలితో ముట్టుకునేది. కొనే ముందు దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి: "ఈసీజీ తీసేటప్పుడు రెండో చేతి వేలు ఎక్కడ పెట్టాలి?" జవాబు లేదంటే తెరమీద కదిలే గీత ఈసీజీ కాదు, నాడి లెక్కతో గీసిన బొమ్మ. దాన్ని డాక్టరుకు చూపించి లాభం లేదు.

యాపిల్ వాచ్‌లో ఈసీజీ 2018లో వచ్చిన సిరీస్ 4తో మొదలైంది, ఎస్‌ఈ మోడల్‌లో లేదు. దానికి ఐఫోన్ ఉండాలి. గెలాక్సీ వాచ్ ఈసీజీ యాప్‌కు శామ్‌సంగ్ ఫోనే కావాలి, వేరే ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఆ యాప్ నడవదు. జగదాంబ సెంటర్‌లో వాచీ కొని ఇంటికొచ్చాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు, కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లి అక్కడే యాప్ వేయించి ఒక రికార్డు తీసి చూడండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, 22 ఏళ్లలోపు పిల్లలు ఈ యాప్‌ల ఫలితాన్ని నమ్ముకోకూడదు. వాళ్ల కోసం తయారైనవి కావు.

రికార్డు తీసే పద్ధతి

పాడైన రికార్డుల్లో చాలావాటికి జబ్బు కారణం కాదు, కూర్చున్న తీరు. ముందు అయిదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోండి. మెట్లెక్కి రాగానే తియ్యొద్దు. వాచీ ఉన్న ముంజేతిని బల్లమీద మోపి వదులుగా పెట్టండి. చెయ్యి గాల్లో ఉంటే కండరాల వణుకు గీతలోకి ఎక్కుతుంది. పట్టీ మణికట్టు ఎముకకు కొంచెం పైన ఉండాలి, ఎముక మీద కాదు, ఊగకుండా ఉండాలి. రెండో చేతి చూపుడువేలి మెత్తని భాగాన్ని మెల్లగా ఆనించండి. యాపిల్‌లో పక్కన తిరిగే గుండీ మీద, గెలాక్సీలో పై గుండీ మీద. గట్టిగా నొక్కితే మళ్లీ వణుకే. రెండు చేతుల చర్మం ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే కరెంటు గుండె మీదుగా కాకుండా దగ్గరదారిన పోతుంది, గీత చిన్నదైపోతుంది. 30 సెకన్లు మాట్లాడకుండా, మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండండి.

విశాఖ ఉక్కపోతలో రెండు తిప్పలు. చెమట కారుతుంటే వాచీ జారుతుంది, గీత పైకీ కిందకీ ఊగుతుంది. మణికట్టు, వాచీ వెనక భాగం పొడిగుడ్డతో తుడవండి. ఏసీ గదిలో గంటలకొద్దీ కూర్చున్నవాళ్లకు, పెద్దవయసువాళ్లకు చర్మం మరీ పొడిబారి గీత అసలు రాదు. అప్పుడు తడిగుడ్డతో మణికట్టు, వేలికొన కాస్త తడపాలి. కొబ్బరినూనె, మాయిశ్చరైజర్ రాసుకున్న చర్మం కరెంటును సరిగ్గా పోనివ్వదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగి వస్తే ఆ ఉప్పు ఎండిపోకముందే వాచీని మంచినీళ్లతో కడగండి. ఉప్పు పేరుకుంటే పట్టీ కింద దద్దుర్లు వస్తాయి, గుండీ బిగుసుకుంటుంది.

గీతంతా సన్నగా, ఒకే తీరున గరగరలాడుతుంటే అది ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పక్కన పెట్టేసి, నడుస్తున్న మిక్సీ, ఫ్రిజ్‌లకు దూరంగా జరిగి మళ్లీ తియ్యండి. బస్సులో, ఆటోలో వెళ్తూ తీసినది పనికిరాదు. గీతలో పెద్ద మొనలన్నీ పైకి కాకుండా కిందికి తిరిగి కనిపిస్తే, వాచీ ఏ చేతికుందో సెట్టింగ్‌లో సరిగ్గా ఉందో లేదో చూడండి. కుడిచేతికి పెట్టుకుని సెట్టింగ్‌లో ఎడమ అని ఉంటే బొమ్మ తలకిందులవుతుంది.

ఎప్పుడు తియ్యాలి? దడ వచ్చినప్పుడల్లా, అప్పటికప్పుడు. దానితోపాటు రోజుకు రెండుసార్లు, రెండు వారాలపాటు. స్వీడన్‌లో 75, 76 ఏళ్లవాళ్ల మీద జరిగిన స్ట్రోక్‌స్టాప్ అధ్యయనంలో వాడిన పద్ధతి ఇదే, చేత్తో పట్టుకునే చిన్న ఈసీజీ పరికరంతో 14 రోజులు. అంతకుమించి రోజుకు ఇరవైసార్లు తీసుకుంటే బెంగ పెరుగుతుంది తప్ప సమాచారం పెరగదు. ప్రతి రికార్డుకూ యాప్‌లో లక్షణం రాసే చోటుంటుంది. దడ, కళ్లు తిరగడం, ఆయాసం, ఏమీ లేదు, ఏదో ఒకటి అప్పుడే నమోదు చెయ్యండి. సాయంత్రం గుర్తుండదు.

గీతను మీరే ఒకసారి చూడండి

ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో హార్ట్, అందులో ఎలక్ట్రోకార్డియోగ్రామ్స్, కావలసిన రికార్డు తెరిచి పీడీఎఫ్‌గా తీసుకోవచ్చు. శామ్‌సంగ్ హెల్త్ మానిటర్‌లో కూడా పాత రికార్డు తెరిచి పీడీఎఫ్ పంపే వీలుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. స్క్రీన్‌షాట్ పంపితే గీతలో ఒక ముక్కే వస్తుంది, గడులు మసకబారతాయి. వీలుంటే కాగితం మీద ప్రింటు తీయించండి.

కాగితంలో గీత సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది, అయిదు పెద్ద గడులు ఒక సెకను. 30 సెకన్ల రికార్డులో పైకి లేచిన మొనలన్నీ లెక్కపెట్టి రెండుతో గుణిస్తే నిమిషానికి గుండె వేగం. ఇప్పుడు ఒక తెల్లకాగితం అంచును మొనల కింద పెట్టి, పక్కపక్కనున్న రెండు మొనల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ కాగితాన్ని పక్కకు జరుపుతూ తర్వాతి జంటలకు ఆనించండి. ఆరోగ్యమైన లయలో గుర్తులు దాదాపు ప్రతిచోటా కలుస్తాయి, ఊపిరి తీసేటప్పుడు వదిలేటప్పుడు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ప్రతి మొనకు ముందు ఒక చిన్న గుండ్రటి ఉబ్బు కనపడుతుంది. అన్నీ క్రమంగా ఉండి, ఒక మొన మాత్రం ముందుగా వచ్చి ఆ తర్వాత ఖాళీ ఉంటే అది చాలామందికి అప్పుడప్పుడు వచ్చే అదనపు దెబ్బ. "గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది" అని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి ఇదే. తరచుగా వస్తుంటే డాక్టరుకు చూపించాలి. ఏఫిబ్‌లో కాగితాన్ని ఎటు జరిపినా గుర్తులు కలవవు, ఏ రెండు దూరాలూ ఒకటి కావు, మొనకు ముందు ఉబ్బు ఉండదు, అడుగు గీత సన్నగా వణుకుతుంటుంది.

"ఇన్‌కన్‌క్లూజివ్" (తేలలేదు) అని వస్తే జబ్బు ఉందనీ లేదనీ కాదు. కదలిక వల్ల కావచ్చు, అదనపు దెబ్బలు ఎక్కువై కావచ్చు, వేగం యాప్ లెక్కకు అందనంత ఎక్కువో తక్కువో కావచ్చు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్ర వాడేవాళ్లకు వేగం 50 కిందికి దిగి ఈ మాట రావడం మామూలే. సరిగ్గా కూర్చుని మరోసారి తియ్యండి. మూడుసార్లూ అలాగే వస్తే ఆ కాగితాలే పట్టుకెళ్లండి, గీతను చదివేది డాక్టరు కదా.

వాచీ తనంతట తాను ఇచ్చే హెచ్చరికలు

లయ తప్పిందని వాచీ ఇచ్చే హెచ్చరిక పీపీజీ నుంచి వస్తుంది, అదీ మీరు కదలకుండా ఉన్నప్పుడు. నడిచేటప్పుడు, ఇంటిపని చేసేటప్పుడు అది చూడదు. కాబట్టి నిద్రలో పెట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం. స్టీల్‌ప్లాంట్‌లో నైట్‌షిఫ్ట్ చేసేవాళ్లు పగలు పడుకునేటప్పుడు వాచీ ఉంచుకుని, స్నానానికీ టిఫినుకూ మధ్య ఛార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్క లెక్క తేడాగా వస్తే వాచీ మోగదు. యాపిల్ వాడే పద్ధతిలో విడివిడిగా తీసుకున్న ఆరు నమూనాల్లో అయిదు క్రమం తప్పి ఉండాలి. అందుకే నిమిషాల్లో వచ్చి పోయే దడను అది వదిలేస్తుంది. హెచ్చరిక రాలేదు కాబట్టి ఏమీ లేదనుకోకూడదు.

వేగం ఎక్కువైందనే హెచ్చరిక వేరు. పది నిమిషాలు కదలకుండా ఉన్నా వేగం 120 దాటితే అని పెట్టుకోవచ్చు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడుస్తున్నప్పుడు 130 కనిపిస్తే అది గుండె తన పని తాను చేస్తున్నట్టు. ఆగి, నీళ్లు తాగి, నీడన పది పదిహేను నిమిషాలు కూర్చున్నా 120 దిగకపోతే దారిలో ఉండే వైద్య శిబిరంలో చూపించాలి.

ఆపిల్ హార్ట్ స్టడీ పేరుతో 2019లో వచ్చిన పరిశోధనలో 4,19,297 మంది చేరారు. లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. వాళ్లకు తర్వాత ఛాతీకి అంటించే ఈసీజీ ప్యాచ్ పంపితే, దాన్ని వాడి తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందిలో ఏఫిబ్ దొరికింది. మిగతా హెచ్చరికలన్నీ అబద్ధమని దీనర్థం కాదు. ప్యాచ్ వేసేసరికి రోజులు గడిచాయి, ఈ జబ్బేమో వచ్చి పోయేది. అందుకే హెచ్చరిక మోగిన క్షణంలోనే కూర్చుని 30 సెకన్ల ఈసీజీ తియ్యండి. పీపీజీ హెచ్చరిక ఒక్కదానితో ఏ డాక్టరూ మందు మొదలుపెట్టకూడదు. 30 సెకన్ల ఈసీజీలో ఏఫిబ్ స్పష్టంగా ఉండి డాక్టరు కళ్లతో చూసి ఒప్పుకుంటే, రోగ నిర్ధారణకు అది చాలు.

ఏఐ దగ్గర జాగ్రత్తగా

ఏఐ అనే మాట కింద మూడు వేర్వేరు సరుకులు నడుస్తున్నాయి. మొదటిది వాచీలో ఉన్న, లయ మాత్రమే చూసే ప్రోగ్రాం. ఇక్కడ మనం కొనే వాచీల్లో రోజూ పనిచేసేది ఇదే. రెండోది పరిశోధన. గీత ఆకారంలో కంటికి అందని తేడాలు చూసి గుండె పంపింగ్ తగ్గిందా, వాల్వు చెడిందా, గోడ మందమైందా అని అంచనా వేసే ప్రోగ్రాంలు. అమెరికాలో మేయో క్లినిక్ 2019లో ఆసుపత్రి ఈసీజీతోనూ, 2022లో 2,454 మంది చేరిన అధ్యయనంలో వాచీ ఈసీజీలతోనూ, పంపింగ్ తగ్గినవాళ్లను ఇలా పట్టవచ్చని చూపింది. 2025 నవంబరులో యేల్ పరిశోధకులు 600 మంది మీద వాచీ ఈసీజీ ఫలితాలు చెప్పారు. గుండె నిర్మాణంలో లోపం ఉన్నవాళ్లలో 86 శాతం మందిని ఏఐ పట్టింది, లోపం లేదని అన్నప్పుడు 99 శాతం నిజమైంది.

ఆ 99ని చూసి మోసపోకూడదు. వందలో అయిదుగురికే జబ్బున్న గుంపులో, పరీక్ష చెయ్యకుండా అందరికీ "లేదు" అని చెప్పినా 95 సార్లు నిజమే అవుతుంది. అసలు చూడాల్సింది 86. అంటే జబ్బున్న వందమందిలో 14 మంది తప్పించుకుపోయారు. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. కీళ్లవాతం జ్వరం వల్ల మైట్రల్ వాల్వు ముడుచుకుపోయిన వాళ్లు, అందులోనూ వయసులో ఉన్న ఆడవాళ్లు, కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల ఓపీకి ఇప్పటికీ వస్తుంటారు. అమెరికాలో ఆ జబ్బు అరుదు. అక్కడి ఈసీజీలతో నేర్చిన ప్రోగ్రాం ఇక్కడివాళ్ల మీద అంతే బాగా పనిచేస్తుందని ఇక్కడ పరీక్షించి చూపాలి. అందాకా మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు ఉన్న మనిషికి ఏ యాప్ "నార్మల్" అన్నా టూడీ ఎకో (గుండె స్కాన్) తీయించాల్సిందే.

మూడోది మాటలాడే చాట్‌బాట్. దానికి ఈసీజీ ఫొటో పెట్టి "నాకేముంది" అని అడగొద్దు. గీతలోని కొలతల్ని కొలవకుండానే నమ్మకంగా జవాబిస్తుంది, ఏఫిబ్‌ను మామూలు లయ అనగలదు, మామూలు లయను గుండెపోటు అని భయపెట్టగలదు. అది బాగా చేసే పని వేరే ఉంది. రెండు వారాల మీ నోట్సును, అంటే తేదీ, టైము, లక్షణం, వాచీ చెప్పిన మాట, వాడే మందులు, ఒక పేజీలోకి కుదించమనండి. ఎకో రిపోర్టులోని మాటల్ని తెలుగులో వివరించమనండి. ముందుగా పేరు, ఫోన్ నంబరు, ఆధార్, ఆసుపత్రి నంబరు తీసేయండి. మందుల పేర్లు, మోతాదులు మళ్లీ చీటీతో సరిచూసుకోండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

వాచీ ఏఫిబ్ అంది, మనిషి కులాసాగా ఉన్నారు అంటే ఆ వారంలో ఫిజీషియన్‌నో కార్డియాలజిస్టునో కలవండి. కూర్చుని ఉండగా వేగం 120 దాటి కళ్లు తిరుగుతుంటే, ఆయాసమొస్తే, స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే వాచీని పక్కనపెట్టి 108. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అందుకే మనిషి ఆఖరిసారి బాగున్న టైము గుర్తుపెట్టుకుని చెప్పండి.

ప్రభుత్వంలో కేజీహెచ్, హనుమంతవాకలో విమ్స్ ఉన్నాయి. ఉక్కునగరం ఆసుపత్రి, రైల్వే ఆసుపత్రి, నేవీవాళ్లకు కల్యాణి ఆసుపత్రి ఉన్నాయి. ఆరిలోవ హెల్త్ సిటీలో ప్రైవేటువి ఉన్నాయి. ఎక్కడికెళ్లినా చేతిలో మూడు కాగితాలు చాలు: దడ ఉన్నప్పటి గీత, దడ లేనప్పటి గీత, మందుల చీటీ. నలభై పీడీఎఫ్‌లు ఫోన్‌లో చూపిస్తే ఓపీ రద్దీలో డాక్టరు ఒక్కటీ నిదానంగా చూడలేరు. పన్నెండు లీడ్ల (కోణాల) ఈసీజీ, టూడీ ఎకో, బీపీ, పొటాషియం, థైరాయిడ్ టీఎస్‌హెచ్ అడుగుతారు. థైరాయిడ్ ఎక్కువైనా ఏఫిబ్ వస్తుంది కాబట్టి ఆ పరీక్ష మానుకోవద్దు. అనుమానం మిగిలితే 24 గంటలూ ఈసీజీ తీసే హోల్టర్ యంత్రం పెడతారు. మద్యం తాగే అలవాటు, నిద్రలో గట్టి గురక ఉంటే దాచకుండా చెప్పండి, రెండూ ఏఫిబ్‌ను పెంచేవే.

ఏఫిబ్ ఖాయమై, రక్తం పల్చబడే మందు మొదలుపెట్టాక వాచీలో నెలరోజులు సైనస్ రిథమ్ కనిపించినా మందు మీరే ఆపొద్దు. గడ్డకట్టే ముప్పును తేల్చేది వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం, గుండె బలహీనత. ఇవాళ్టి గీత కాదు. మైట్రల్ వాల్వు బాగా ముడుచుకున్నవాళ్లకు రక్తం పల్చబడే మందుగా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ ఇస్తారు. వాళ్ల ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే లెక్క) సాధారణంగా 2కీ 3కీ మధ్య ఉండాలి, అది ల్యాబులో రక్తం తీస్తేనే తెలుస్తుంది. తోటకూర, గోంగూర, పాలకూర మానక్కర్లేదు గానీ, ఒక వారం రోజూ తిని మరో వారం పూర్తిగా మానేస్తే ఐఎన్‌ఆర్ ఊగిపోతుంది. వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే తింటూ, ఆ మాట డాక్టరుకు చెప్పి మోతాదు వేయించుకోండి.